హెసరఘట్ట ‘వింత జంతువు’ ఫొటో నిజమేనా? ఏ యాప్‌కూ సరిగ్గా చిక్కని కప్ప సంగతేంటి?

చెరువుగట్టు:

అందరికీ నమస్కారం. ఉండేది బెంగళూరు, యలహంక అవతల. లేఅవుట్‌లో తెలుగువాళ్లం ఏడెనిమిది మందిమి వారాంతాల్లో రాత్రిపూట టార్చిలు పట్టుకుని కప్పలు, సాలీళ్లు, పురుగులు చూడ్డానికి తిరుగుతుంటాం. రెండు విషయాల్లో తెలిసినవాళ్ల సలహా కావాలి.

మొదటిది ఫొటో. మా దగ్గర్లోని హెసరఘట్ట గడ్డిమైదానం దగ్గర బైక్ లైటు వెలుగులో కనబడిందంటూ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఒంటిమీద వెంట్రుకల్లేవు. బూడిదరంగు చర్మం, ముడతలు, పొడుగాటి వెనక కాళ్లు, మెరిసే కళ్లు. ‘నాలుగడుగుల ఎత్తు, ఇంతవరకూ ఎవరూ చూడని జీవి’ అని రాశారు. పిల్లలు భయపడుతున్నారు. ఇది నిజమో బూటకమో పద్ధతి ప్రకారం ఎలా తేల్చాలి?

రెండోది కప్ప. పక్కనున్న ఖాళీ సైటులో మొదటి పెద్ద వాన పడిన రాత్రి బయటికొచ్చి అరుస్తోంది. బొద్దుగా, 3–4 సెంటీమీటర్లు ఉంటుంది, వెనక్కి నడుస్తూ మట్టిలోకి దిగిపోతుంది. ఫొటో చూసి జీవి పేరు చెప్పే ఐనాచురలిస్ట్ యాప్ ఒక్కో ఫొటోకి ఒక్కో పేరు చెబుతోంది. కొత్త జాతి అయ్యే అవకాశం ఉందా? పట్టి ఉంచాలా? ఎవరికి చెప్పాలి? ఆ సైటులో త్వరలో పునాదులు తవ్వుతారట.

అసలు_ఫైలు:

ముందు ఫొటో సంగతి. చేతులు మారి వచ్చిన ఫొటోని ఎంత జూమ్ చేసి చూసినా తేలేది తక్కువ. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ, కెమెరా, జీపీఎస్ వివరాలు ఊడిపోతాయి. కాబట్టి ‘మెటాడేటా లేదు, అంటే బూటకమే’ అనకండి, నిజమైన ఫొటోకైనా అదే గతి పడుతుంది. చేయాల్సింది గొలుసు పట్టుకుని వెనక్కి వెళ్లడం. మీకు పంపినవారిని ‘మీకెవరు పంపారు’ అని అడగండి, వాళ్లను కూడా అదే అడగండి. తీసిన మనిషి దొరికితే ఫైలుని ‘డాక్యుమెంట్’గా పంపమనండి, అప్పుడు కుదింపు ఉండదు. ఆ ఫైలుతో పాటు దానికి ముందు, వెనక తీసిన ఫొటోలు కూడా అడగండి. ఇది అన్నిటికంటే గట్టి పరీక్ష. అబ్బురంగా ఏదైనా కనబడితే ఎవరూ ఒక్క ఫొటోతో ఆపరు. మసకగా వచ్చినవి, సగం తెగినవి, జంతువు వెళ్లిపోయాక ఖాళీ పొదని తీసినవి కూడా గ్యాలరీలో ఉంటాయి. బూటకం చేసేవాడి దగ్గర ఉండేది ఆ ఒక్కటే.

మనిషి దొరికేలోపు వెతుకులాట చేయొచ్చు. ఫొటో ఇస్తే నెట్‌లో దాని కాపీలు వెతికే గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో మూడు రకాలుగా వెతకండి: పూర్తి ఫొటో, జంతువు వరకే కత్తిరించిన ముక్క, కుడిఎడమలు తిప్పిన బొమ్మ. ఈ మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. పాత ఫొటోని అద్దంలోలా తిప్పి కొత్త ఊరి పేరు పెట్టడం బాగా అలవాటైన పని. టిన్‌ఐలో ‘అన్నిటికంటే పాతది’ అనే క్రమం ఉంది, అందులో మూడేళ్ల కిందటి కాపీ ఒక్కటి దొరికినా హెసరఘట్ట కథ ముగిసినట్టే. వీడియో అయితే ఐదారు చోట్ల ఆపి స్క్రీన్‌షాట్లు తీసి, ఒక్కోటీ విడిగా వెతకండి.

సగం మనిషి సగం జంతువులా, చర్మం మీద రంధ్రాలు, వెంట్రుకలు కూడా కనబడేంత వివరంగా ఉంటే అది శిల్పం కావచ్చు. ఇటలీ కళాకారిణి లైరా మగనూకో సిలికాన్‌తో చేసే బొమ్మల ఫొటోలు మన దేశంలో ఎన్నో ఊళ్ల పేర్లతో ‘దొరికిన జీవి’గా తిరిగాయి.

ఏఐ బొమ్మల విషయంలో వేళ్లు లెక్కపెట్టడం మీద ఇక ఆధారపడొద్దు, ఆ తప్పులు తగ్గిపోయాయి. గూగుల్ ఏఐతో చేసినవాటిలో సింథ్‌ఐడీ అనే కనిపించని గుర్తు ఉంటుంది, గూగుల్ చాట్‌బాట్ జెమినైలో బొమ్మ ఎక్కించి అడిగితే చెబుతుంది. గుర్తు ఉందంటే దానిమీద గూగుల్ ఏఐ చేయి పడినట్టే. లేదంటే మాత్రం ఏమీ తేలనట్టే, ఎందుకంటే వేరే ఏఐలతో చేసిన చాలా బొమ్మల్లో అది ఉండదు. ‘ఇది 87 శాతం ఏఐ’ అని చెప్పే ఉచిత సైట్లు కుదించిన ఫొటోల మీద బాగా పొరబడతాయి.

ఇక ‘నాలుగడుగులు’. ఎత్తుని లెక్కగట్టొచ్చు. ఫొటోలో రాయి, కంచె స్తంభం, మైలురాయి లాంటి కదలనిది ఏదైనా ఉంటే పగటిపూట ఆ చోటికి వెళ్లండి. అదే కోణం నుంచి, వెనకున్న వస్తువులు పాత ఫొటోలో ఉన్నట్టే ఒకదానికొకటి సరిపోయేదాకా ముందుకీ వెనక్కీ జరిగి, జంతువు పాదాలున్న చోట ఒక మీటరు కర్ర నిలబెట్టి ఫొటో తీయండి. రెండు ఫొటోల్లో కంచె స్తంభం ఒకే సైజు వచ్చేలా సరిచేసి పిక్సెళ్లు లెక్కపెట్టండి. కర్ర 400 పిక్సెళ్లు, జంతువు 220 పిక్సెళ్లు ఉంటే ఎత్తు 55 సెంటీమీటర్లు, అంటే రెండడుగులు కూడా లేదు. పొరబాటు జరిగేది పాదాల దగ్గరే. గడ్డిలో పాదాలు కనబడకపోతే జంతువు ఎంత దూరంలో ఉందో తెలియదు. మీరనుకున్న దూరంలో సగంలోనే ఉంటే అసలు ఎత్తు కూడా మీ లెక్కలో సగమే.

కత్తిరించని ఫ్రేము అడగడం ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి స్కాట్లాండ్‌లోని లాక్‌నెస్ సరస్సులో వింత జంతువంటూ వచ్చిన 1934 నాటి ఫొటో చాలు. పత్రికలో వచ్చింది కత్తిరించిన ముక్క, అందులో మెడ పెద్దదిగా కనబడుతుంది. పూర్తి ఫ్రేములో చుట్టూ ఉన్న అలలతో పోల్చితే అది చిన్న వస్తువని తెలుస్తుంది. బొమ్మ జలాంతర్గామికి మెడ అతికించి తీశారని 1994లో బయటపడింది.

రాత్రి_టార్చి:

మీ వర్ణన చదవగానే తట్టింది గజ్జి పట్టిన జంతువు. వెంట్రుకల్లేని బూడిదరంగు చర్మం, ముడతలు, పొడుగు కాళ్లు, ఇవన్నీ దాని లక్షణాలే. అలా అయితే ఫొటో నిజమే, దానికి పెట్టిన పేరే తప్పు. సార్కాప్టిస్ అనే సూక్ష్మమైన పురుగు చర్మంలో సొరంగాలు తవ్వుతుంది. మొదట చెవుల అంచులు, మోచేతులు, పొట్ట దగ్గర బొచ్చు రాలుతుంది, తర్వాత చర్మం మందమై పొలుసులు కడుతుంది. బొచ్చు పోయాక నక్క కాళ్లు ఎంత పొడుగో, పొట్ట ఎంత లోపలికి ఉంటుందో అప్పుడు బయటపడుతుంది. నక్కని రోజూ చూసేవాళ్లు కూడా పోల్చుకోలేరు. అమెరికాలో ‘చుపకబ్రా’ (పశువుల రక్తం తాగుతుందని చెప్పుకునే కట్టుకథ జీవి) అని చూపించిన కళేబరాలు ఎక్కువగా గజ్జి పట్టిన కయోటీలే, అంటే అక్కడి నక్కలాంటి జంతువులే.

తేల్చడానికి చూడాల్సినవి: తోక చివర, మెడ వెనక కాస్తయినా బొచ్చు మిగిలిందా, ముక్కు ఆకారం, చెవుల మధ్య దూరం, ముందుకాళ్ల కీలు ఎటు వంగుతోంది. కళ్లు మెరవడం వింత కాదు. కంటి వెనకున్న పొర బైక్ లైటుని తిప్పికొడుతుంది, కుక్కకీ అంతే, పునుగుపిల్లికీ అంతే. మళ్లీ కనబడితే దగ్గరికి వెళ్లొద్దు, పెంపుడు కుక్కని అసలు పోనివ్వొద్దు, గజ్జి అంటుకుంటుంది. అటవీశాఖకీ, వన్యప్రాణుల్ని కాపాడే సంస్థలకీ చెబితే చికిత్సకి వీలుంటుంది. అందుకే ‘వింత జీవి’ అని పేరు పెట్టి కర్రలతో వెంటపడటం నాకు చాలా బాధ కలిగించే విషయం. అది జబ్బుపడిన జంతువు.

బెంగళూరు చుట్టుపక్కల తరచూ ‘గుర్తు తెలియని జీవి’ అయ్యేవి మరికొన్ని ఉన్నాయి. దేవాంగపిల్లి ముందు వరసలో ఉంటుంది. కన్నడంలో కాడుపాప అంటారు, గుండ్రటి పెద్ద కళ్లతో చెట్ల మీద నిదానంగా కదులుతుంది, నగరం లోపలి పాత తోటల్లో కూడా ఉంది. బార్న్ ఔల్ గుడ్లగూబ పిల్లలు ఈకలు రాకముందు నిటారుగా నిలబడితే ‘గ్రహాంతరవాసులు’ అయిపోతాయి, విశాఖలో తీసిన అలాంటి వీడియో దేశమంతా తిరిగింది. వానల్లో కుండీల కింద కనబడే సుత్తి తల పురుగు పాము పిల్ల కాదు, బైపాలియం అనే చదును పురుగు. వట్టి చేత్తో ముట్టొద్దు, దాని దగ్గరి బంధువుల్లో విషం ఉన్నట్టు తేలింది. పూలమీద గాల్లో నిలబడి తేనె తాగే ‘హమ్మింగ్‌బర్డ్’ మన దేశంలో లేదు, అది పగటిపూట తిరిగే రెక్కల పురుగు. వానాకాలంలో పసుప్పచ్చగా మారి, గొంతు కింద నీలం తిత్తులు ఉబ్బించే పెద్ద కప్పల వీడియో ఏటా వస్తుంది. అదీ అసలైనదే. మామూలు గోదురు కప్ప మగది సంతానకాలంలో రంగు మారుస్తుంది.

‘రెండు తలల పాము’ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, మన తెలుగువాళ్లు కూడా మోసపోతున్నారు. అది ఎరిక్స్ జాని అనే మట్టిపాము. తోక మొద్దుగా తలలా ఉంటుంది, అంతే. తోక మీద వాతలు పెట్టి కళ్లూ నోరూ ఉన్నట్టు చేసి, ఇంత బరువుంటే ఇన్ని లక్షలు అని చెప్పి అమ్ముతారు. కొన్నా అమ్మినా వన్యప్రాణి చట్టం కింద నేరం. పుట్టుకతో రెండు తలలొచ్చే పాములు అరుదుగా ఉంటాయి, కానీ వాటి రెండు తలలూ ఒకే వైపు ఉంటాయి. ఐదు తలల నాగుపాము ఫొటోల్లో ఒక పడగ మీది పొలుసుల వరస పక్క పడగ మీద ఉన్నదున్నట్టు మళ్లీ వస్తుంది, చూసి లెక్కపెట్టండి.

వానకప్ప:

కప్ప దగ్గరికొద్దాం. ముందు యాప్ ఎందుకు తడబడుతోందో చెప్తాను. ఐనాచురలిస్ట్ కంప్యూటర్‌కి తగినన్ని ఫొటోలున్న జాతులే నేర్పిస్తారు. ఈమధ్య పేరు పెట్టిన జాతి, లేదా కొద్దిమందే ఫొటో తీసిన జాతి దానికి తెలియదు, తెలిసినవాటిలో దగ్గరిది చెబుతుంది. కాబట్టి యాప్‌కి చిక్కకపోవడం కొత్త జాతికి గుర్తు కాదు. అలాగని అవకాశమే లేదనీ అనను. మట్టిలో తవ్వుకునే స్ఫేరోథెకా కప్పల్లో ఒకదానికి 2020లో ‘స్ఫేరోథెకా బెంగళూరు’ అని పేరు పెట్టారు, దొరికింది మన నగర శివార్లలోనే. 2006లో పేరు పెట్టిన డైలోబోకాండైలా బ్యాంగలోరికా అనే చీమ ఇక్కడి ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ప్రాంగణంలోది. ఊరి మధ్యలో కూడా పేరులేనివి ఉంటాయి, అవి చిన్నవీ, తెలిసినవాటిని పోలినవీ అయి ఉంటాయి.

మీరు చెప్పిన బొద్దు కప్ప, వెనక్కి దిగిపోవడం, ఇవి కనీసం రెండు వర్గాలకి సరిపోతాయి. పాదం కింద చూడండి. లోపలి వైపు పార లాంటి పెద్ద బుడిపె ఒక్కటే ఉండి, నోరు వెడల్పుగా ఉండి, కంటి వెనక కర్ణభేరి గుండ్రంగా కనబడితే స్ఫేరోథెకా వైపు. పారలు రెండుండి, నోరు చాలా చిన్నదై, కర్ణభేరి కనబడకపోతే యూపెరోడాన్ వైపు. వీపు మీద ఎర్రటి నారింజ పట్టీలు, వేళ్ల చివర్లు వెడల్పుగా ఉంటే అది తోటల్లో తరచూ కనబడే రంగుల కప్ప, దాన్ని వదిలేయొచ్చు.

ఫొటోలు పైనుంచి ఒక్కటి తీస్తే దేనికీ పనికిరాదు. వీపు, పక్క, పొట్ట, తొడ లోపలి భాగం, ముందు చేయి కింద, వెనక పాదం కింద, వేళ్ల మధ్య చర్మం ఎంతవరకూ ఉందో తెలిసేలా, తల పక్క నుంచి కన్నూ కర్ణభేరీ కలిపి. పక్కన మిల్లీమీటర్ల స్కేలు, కప్ప ఉన్న ఎత్తులోనే ఉండాలి. స్కేలు నేలమీద, కప్ప వీపు రెండు సెంటీమీటర్లు పైన ఉంటే కొలత తప్పుతుంది. పార పొడవు ఎంత, దాని పక్కనున్న మొదటి కాలివేలు పొడవు ఎంత, ఈ నిష్పత్తి జాతుల్ని వేరుచేయడంలో పనికొస్తుంది, కాబట్టి ఆ ఫొటో స్పష్టంగా ఉండాలి. పట్టుకోకుండా వీటిలో కొన్ని రావు. అవి అనుమతి ఉన్నవాళ్లు వచ్చినప్పుడు తీస్తారు, మీరు దొరికినంతవరకే తీయండి. దోమల మందు, సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులతో కప్పని అసలు తాకొద్దు, దాని చర్మం అన్నిటినీ పీల్చుకుంటుంది. వేరే చెరువు నుంచి వస్తే చెప్పుల బురద గోకి, బ్లీచింగ్ ద్రావణంతో తుడిచి, ఆరబెట్టి మరీ వెళ్లండి. కప్పల్ని చంపే ఫంగస్ అలాగే ఊళ్లు మారుతుంది.

ఫొటోకంటే విలువైనది అరుపు. చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు జాతుల్ని అరుపే విడదీస్తుంది. ఫోన్‌లోని మామూలు రికార్డర్ ధ్వనిని కుదిస్తుంది, చప్పుడు అణిచేస్తుంది, ‘చప్పుడు’ అనుకుని కప్ప అరుపునే కొట్టేస్తుంది కూడా. వేవ్ ఫైలు ఇచ్చే యాప్ పెట్టుకోండి, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్, 16 బిట్. నాయిస్ తగ్గింపు, ఆటో గెయిన్ ఆపేయండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. కప్పకి మీటరు దూరంలో ఫోన్‌ని రాయికి ఆనించి, టార్చి ఆర్పి, పదినిమిషాలు కదలకుండా కూర్చుంటే మళ్లీ మొదలుపెడుతుంది. ఒక్కో కప్పది కనీసం రెండు మూడు నిమిషాలు, వీలైతే మూడు నాలుగు కప్పలవి. రికార్డింగ్ చివర తేదీ, సమయం, చోటు, గాలి ఉష్ణోగ్రత, నీళ్లలో ఉంటే నీటి ఉష్ణోగ్రత నోటితో చెప్పండి. ఇది మరిస్తే రికార్డింగ్ సగం చచ్చినట్టే, ఎందుకంటే వెచ్చగా ఉన్నప్పుడు కప్ప వేగంగా అరుస్తుంది. 20 డిగ్రీల దగ్గర తీసినదాన్నీ 26 దగ్గర తీసినదాన్నీ పక్కన పెట్టి ‘వేగం వేరు, జాతి వేరు’ అని పొరబడినవాళ్లున్నారు. ట్రాఫిక్ రొద తీసేయాలనుకుంటే కాపీ మీదే చేయండి, అసలు ఫైలు ముట్టొద్దు. రావెన్ లైట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ధ్వనిని బొమ్మగా చూపే పటం) చూస్తే అరుపు ఏ కిలోహెర్ట్జ్ దగ్గర గట్టిగా ఉందో కనబడుతుంది.

చెరువుగట్టు:

చాలా థాంక్సండీ. ఫొటో గొలుసు నాలుగో మనిషి దగ్గర ఆగింది, ఆయనకి ఎక్కడో రీల్ కింద దొరికిందట. కప్ప పాదం ఫొటో తీశాం, ఒక్క పారే ఉంది, కర్ణభేరి కనబడుతోంది. మా వాళ్లలో ఒకరు ఒక కప్పని స్పిరిట్ సీసాలో పెట్టి ఉంచుదాం, తవ్వేస్తే ఇక దొరకదు కదా అంటున్నారు. పెట్టొచ్చా?

సీసాలో_చీటీ:

పెట్టకండి. చట్టం ఒక కారణం, రెండోది మీరు పెట్టే సీసా దేనికీ పనికిరాకుండా పోవడం.

చట్టం: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్లలో ఏది ఉందో ఏది లేదో పేరు తెలియని జీవికి మీరెలా చెబుతారు? అభయారణ్యం, నేషనల్ పార్కు లోపల అయితే అనుమతి లేకుండా ఏ ప్రాణినీ తీసుకోకూడదు. 2002 జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనిపెట్టినవారెవరైనా నిర్దేశించిన భాండాగారానికి తెలియజేసి నమూనా అక్కడ ఉంచాలి. జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటిదే, దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం చెన్నైలో ఉంది. పురుగులకైతే మన హెబ్బాళలోని ఎన్‌బీఏఐఆర్ అనే జాతీయ కీటక పరిశోధన సంస్థ ఉంది.

సీసా: మెడికల్ షాపు స్పిరిట్‌లో వేరే రసాయనాలు కలుపుతారు. డీఎన్‌ఏ కోసమైతే 95 శాతం పైన ఉన్న ఇథనాల్ కావాలి, నమూనాకి పదింతలు పోసి, ఒక రోజు తర్వాత మార్చాలి, లేకపోతే ఒంట్లోని నీరు దాన్ని పలచన చేస్తుంది. ఫార్మాలిన్‌లో వేస్తే ఆకారం నిలుస్తుంది కానీ డీఎన్‌ఏ దెబ్బతింటుంది. అందుకే పరిశోధకులు ముందు కాలేయం ముక్క ఇథనాల్‌లో వేసుకుని, తర్వాత ఒళ్లు ఫార్మాలిన్‌లో పెడతారు. చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తో రాయాలి. జెల్ పెన్నుతో రాస్తే సిరా కరిగి చోటు పేరే పోతుంది, చోటు పేరు లేని నమూనా కొత్త జాతికి ఆధారం కాలేదు.

మీరు చేయాల్సింది వేగంగా కబురు పంపడం. పాదం ఫొటోలు, వేవ్ ఫైలు, జీపీఎస్ అంకెలు, వాన పడిన తేదీలు, ఎన్ని కప్పలు అరిచాయో, పునాది తవ్వకం ఎప్పుడో, ఇవన్నీ ఒకే మెయిల్లో. బెంగళూరులో ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ, ఏట్రీ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి. సంస్థ సాధారణ మెయిల్‌కి కాకుండా, స్ఫేరోథెకా మీద ఇటీవల పరిశోధన పత్రం రాసినవారి మెయిల్ ఆ పత్రంలోనే ఉంటుంది, దానికి పంపండి. విషయం గీతలో ‘కొత్త జాతి’ అని రాయకండి. ‘యలహంక దగ్గర స్ఫేరోథెకా, అరుపు రికార్డింగ్ ఉంది, స్థలం త్వరలో తవ్వుతారు’ అని రాస్తే చదువుతారు. వాళ్లకి అనుమతి ఉంటుంది, చంపకుండా నోటి లోపల దూదితో తుడిచి డీఎన్‌ఏ తీయడం కూడా వీలవుతుంది.

ఫొటో ఒక్కటే ఎంతవరకు తీసుకెళ్తుందో చూడండి. మలేసియాలో ఒకాయన ఫ్లికర్‌లో పెట్టిన ఆకుపచ్చ రెక్కల పురుగు ఫొటో నిపుణుడి కంటపడింది. కొత్తదని అనుమానం వచ్చినా పేరు పెట్టలేకపోయారు. తీసినాయన మళ్లీ అదే చోటికి వెళ్లి ఒకటి పట్టి పంపాకే 2012లో సెమాక్రైసా జేడ్ అయింది. హిమాచల్‌లోని చంబాలో ఒక విద్యార్థి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన పాము ఫొటో 2021లో ఒలిగోడాన్ చురాహెన్సిస్ అయ్యేలోపు పాముల్ని వెతికి పట్టి డీఎన్‌ఏ చూశారు. రెండు చోట్లా పనికొచ్చింది ఒకటే, తీసినవాళ్లకి చోటు కచ్చితంగా తెలుసు. దీనికి భిన్నంగా అరుణాచల్‌లోని బుగున్ లియోసిక్లా పక్షికి 2006లో పేరు పెట్టిన రమణ ఆత్రేయ వృత్తిరీత్యా ఖగోళ శాస్త్రజ్ఞుడు. పక్షులు తక్కువున్నాయని చంపలేదు, వలలో రాలిన ఈకలు, ఫొటోలు, అరుపులే ఆధారంగా చూపారు.

చోటుని బహిరంగంగా పెట్టొద్దు. ఐనాచురలిస్ట్‌లో జియోప్రైవసీ అనే చోటు దాచే సెట్టింగుని ‘అబ్‌స్క్యూర్డ్’ చేస్తే గుర్తు సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో పడుతుంది, అసలు అంకెలు మీ దగ్గర ఉంటాయి. 1899లో గుత్తి పేరుతో లోకానికి తెలిసిన నీలి సాలీడు పొసిలోథీరియా మెటాలికా ఒక శతాబ్దం తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. ఇప్పుడు విదేశాల్లో పెంపుడు సాలీళ్ల సంతలో దానికి గిరాకీ. ఫొటో వెనక మైలురాయి, టవరు, గుడి గోపురం కనబడినా చోటు పట్టేస్తారు, పోస్టు చేసేముందు కత్తిరించండి. అసలు ఫైలు మాత్రం దాచుకోండి.

అసలు_ఫైలు:

ఫొటో విషయం ముగించడానికి ఒక మాట. గొలుసు రీల్ దగ్గర ఆగిందన్నారు కాబట్టి ‘బూటకం’ అని ప్రకటించకండి, అది కూడా రుజువు కాలేదు. గ్రూపులో ఇలా పెట్టొచ్చు: “తీసినవారు దొరకలేదు, హెసరఘట్టలో తీసిందనడానికి ఆధారం లేదు. వర్ణన గజ్జి పట్టిన నక్కకి లేదా కుక్కకి సరిపోతుంది. అలాంటిది కనబడితే కొట్టకుండా, దగ్గరికి వెళ్లకుండా, చోటు, సమయం రాసి అటవీశాఖకి చెప్పండి.” దీన్ని ఫొటో లేకుండా వట్టి అక్షరాలుగా పంపండి. ఫొటో జోడిస్తే మీ వివరణ ఊడిపోయి, ఫొటో ఒక్కటే మళ్లీ ఫార్వర్డ్ అవుతుంది. జోడించక తప్పదనుకుంటే ‘తీసిన చోటు తెలియదు’ అని జంతువు ఒంటి మీదుగానే పెద్ద అక్షరాలు వేయండి. మూలలో వేస్తే కత్తిరించేస్తారు.